సువర్ణమ్మ పిండిపెట్టె

శనివారం మధ్యాహ్నం మూడయిందంటే నర్సీపట్నంలో ఎవరి పనులు వాళ్లకుంటాయి గానీ, సువర్ణమ్మకు మాత్రం ఉండేది ఒకటే పని. బొడ్లో తాళంచెవి దోపుకుని, కొంగులో బెల్లం ముక్క మూటగట్టుకుని, బలిఘట్టం దారిలో ఉన్న చర్చికి బయల్దేరేది. చర్చి వెనక చిన్న గది ఉండేది. ఆ గదిలో గోడవారగా రెండు టేకు పెట్టెలు, ఒకదానిలో బియ్యం, రెండోదానిలో పిండి. ఆవిడ పీట వేసుకుని కూర్చుని, బెల్లం నలగ్గొట్టి పిండిలో కలిపి, ఓ చుక్క నెయ్యి తగిలించి నిమ్మకాయంత ఉండలు చేసేది. మర్నాడు సండే స్కూలుకి వచ్చే పిల్లలకి తలా ఒక ఉండ. పచ్చి చలిమిడి గనక పొయ్యి ముట్టించే బాధ లేదు.

ఆ బియ్యం సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆ సంఘంలో ఆడవాళ్లకి ఒక అలవాటు ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేవారు. అది దేవుడి పిడికెడు. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా ఆ పిడికెడు తప్పేది కాదు. ఆదివారం నాడు ముంత కొంగు చాటున పట్టుకొచ్చి పెట్టెలో ఒంపేవారు. ఊడ్పులకీ, చెరకు నరకడానికీ కూలికి వెళ్లే ఆడవాళ్లు తమ నోటి దగ్గర తీసి ఇచ్చిన బియ్యం అది. దాని విలువ సువర్ణమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. భర్త పోయిన ఏడాది ఆవిడా, ఆవిడ కొడుకూ ఆ పెట్టెలో బియ్యమే తిని బతికారు. అందుకే పెద్దలు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టిన రోజున, దేవుడి బియ్యంలో ఒక్క గింజ కూడా నేల పాలు కానివ్వనని మనసులో ఒట్టు పెట్టుకుంది.

పదకొండేళ్లుగా ఆ ఒట్టు తప్పలేదు. చర్చి వెనకంతా మంగరాజు పొలం. వరి కోసేశాక, చెరకు నరికేశాక పొలం ఎలుకలన్నీ ఆ గదిలోకి చేరేవి. పెట్టె మూల కొరికి బియ్యం చిమ్మేవి. సువర్ణమ్మ ఆ చిందిన బియ్యాన్ని చీపురుతో పోగుచేసి, చేటలో చెరిగి, కంటికి కనబడిన ఎలుక పెంటికలు ఏరేసి మళ్లీ పెట్టెలో పోసేది. మునుపు నానబెట్టి రోట్లో దంచేది గానీ, బస్టాండు దగ్గర పిండిమర వచ్చాక నెలకి సరిపడా పొడిపిండి ఒక్కసారే ఆడించి తెచ్చేది. అందులో ఎర్రటి చిన్న పురుగులు పడితే పైపైన ఏరేసేదే తప్ప జల్లించేది కాదు. జల్లెడలో మిగిలిన ఉండలు పారబోయాలి కదా, అవీ దేవుడివే మరి.

"ఆ పురుగెంత, అది తినేదెంత?" అని నవ్వేది.

ఇందులో తప్పేముందని ఎవరైనా అంటారు. తప్పు మొహాన తప్పని రాసుకుని రాదు. ఒక్కోసారి అది భక్తి చీర కట్టుకుని, చేతిలో బెల్లం ఉండ పట్టుకుని వస్తుంది. అదే దానితో వచ్చిన చిక్కు.

వెయ్యిన్నీ తొమ్మిదివందల డెబ్భై తొమ్మిది ఫిబ్రవరిలో సువర్ణమ్మ మనవరాలు ఎస్తేరు అన్నం మానేసింది. ఏడేళ్ల పిల్ల, ఎప్పుడూ గలగలమంటూ తిరిగేది. ఇప్పుడు బొడ్డు చుట్టూ నొప్పని మెలికలు తిరిగిపోతోంది. తిన్నది ఒంట పట్టడం లేదు. చీటికీ మాటికీ ఏడుపు. మామ్మ వాము నీళ్లు పట్టింది, వేపచిగురు నూరి మింగించింది, దిష్టి అనే మాట నోటిదాకా వచ్చినా పాస్టరు గారు వింటారని మింగేసుకుంది. ఏం చేసినా పిల్ల తేరుకోలేదు.

సువర్ణమ్మ కొడుకు చింతపల్లి బస్సు మీద కండక్టరు. కోడలు కరుణకుమారి విశాఖపట్నంలో ల్యాబు టెక్నీషియను చదువు చదివి, బస్టాండు దగ్గర డాక్టరు గారి దగ్గర పనిచేసేది. ఆ ఉద్యోగం అంటే అత్తకు లోలోపల గర్వమే గానీ పైకి ఒప్పుకునేది కాదు. "ఊరందరూ దొడ్డికెళ్లింది అద్దం కింద ఎట్టి సూడ్డానికా ఇంత సదువూ?" అని ఇరుగుపొరుగు దగ్గర దెప్పిపొడిచేది.

ఆ దెప్పిన పనే కూతురి కోసం చేసింది కరుణకుమారి. మైక్రోస్కోపు కింద పసుపురంగులో గుండ్రటి గుడ్లు కనిపించాయి. ఒక్కో గుడ్డు లోపల ఆరు సన్నని కొక్కేలు ఉన్నాయి. అది బద్దె పురుగు గుడ్డని ఆమెకు తెలుసు. కానీ పంది మాంసం వల్లా, పశుమాంసం వల్లా వచ్చే బద్దె పురుగు గుడ్డు ఇలా ఉండదు. పుస్తకం తిరగేసింది, డాక్టరు గారికి చూపించింది. ఆయన చాలాసేపు చూసి అద్దం నుంచి కన్ను తీశారు.

"ఇది ఎలుకల్లో ఉండే పురుగమ్మా. మనుషుల్లో అరుదు. ఇంకెవరికైనా ఉందేమో చూడు."

చూసింది. సండే స్కూలు పిల్లలు పద్దెనిమిది మందిలో పదకొండు మందికి ఉంది. అదే వీధిలో ఉంటూ సండే స్కూలుకి రాని పిల్లలు పదిమందిని పరీక్ష చేస్తే ఒక్కరికీ లేదు.

ఈ మాట గుప్పుమంది. చర్చికి వెళ్లే పిల్లలకే కడుపులో పురుగులట, ఎలుకల పురుగులట. ఎలుక అన్న మాట వినగానే అందరి చూపూ ఒకే ఇంటి మీద పడింది. ఆ ఇల్లు సింగన్నది.

సింగన్న రైతుల పొలాల్లో ఎలుకలు పడతాడు. వెదురు బుట్టలు అల్లి, కన్నాల దగ్గర పెట్టి, తెల్లారేసరికి నాలుగైదు ఎలుకలతో వస్తాడు. రైతు ఇచ్చే ధాన్యం ఒక కూలి, పట్టిన ఎలుకలు రెండో కూలి. వాటిని కాల్చుకు తింటాడన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. మొన్నటి క్రిస్మసు నుంచే అతనూ, భార్య గున్నమ్మా చర్చికి రావడం మొదలుపెట్టారు. చివరి వరసలో, గుమ్మం పక్కన కూర్చునేవారు. పిల్లల్ని ఇంకా సండే స్కూలుకి పంపలేదు.

ఒక ఆదివారం ప్రార్థన అవగానే మంగరాజు చర్చి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన హిందువు, ఆయన కూతురు లోవలక్ష్మి ఎస్తేరుకి ప్రాణ స్నేహితురాలు. చలిమిడి ఉండ కోసం ఆదివారం ఆదివారం ఆ పిల్ల కూడా వచ్చి పాటలు పాడి వెళ్లేది. మంగరాజు దానికెప్పుడూ అడ్డు చెప్పలేదు.

"సువర్ణమ్మగారూ, మీ గుంటల్తో నా గుంట ఆడుకుంటే నాను ఏనాడైనా ఒద్దన్నానా?" అన్నాడు. "ఇప్పుడు దాని కడుపులో ఎలకల పురుగంట. మీరు ఏటి తింతారో, ఎవుల్ని లోనికి రానిత్తారో నాకెలాగ తెలుస్తాది? రేపట్నుంచి నా గుంట ఈ గుమ్మం తొక్కదు."

ఆయన వెళ్లిపోయాడు. సువర్ణమ్మ ముఖం మాడిపోయింది. ఆవిడ వెనక గదిలోకి వెళ్లేసరికి గున్నమ్మ ముంత పట్టుకుని పెట్టె దగ్గరికి వచ్చింది. సువర్ణమ్మ పెట్టె మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఒద్దు గున్నమ్మా. నీ మొగుడు ఎలకల్ని పట్టిన సేత్తోనే బియ్యం ముడతాడు. పిల్లలు తినే పెట్టి ఇది. నలుగురూ ఏటనుకుంతన్నారో నువ్వూ యిన్నావు కదా."

 గున్నమ్మ ముంతను కొంగు కింద దాచుకుని వెనక్కి తిరిగింది. సంఘం పెద్ద క్రీస్తుదాసు "మంచి పని చేశారండీ" అన్నాడు. సువర్ణమ్మకు కూడా పిల్లల్ని కాపాడానన్న తృప్తే కలిగింది. ఆ రోజు చలిమిడి ఉండలు ఎప్పటిలాగే పంచింది. నీరసంగా ఉందని ఎస్తేరుకి రెండు పెట్టింది.

కరుణకుమారికి ఇదంతా నచ్చలేదు. అత్తతో వాదన పెట్టుకోలేదు గానీ, మర్నాడు నేరుగా సింగన్న ఇంటికి వెళ్లింది.

"సింగన్నా, నీదీ, నీ పిల్లలదీ కూడా పరీక్ష చేస్తాను. డబ్బాలు ఇస్తాను, రేపు పొద్దున తెచ్చి ఇవ్వు."

సింగన్న తలొంచుకున్నాడు. "అందరూ సూసినాది సాల్లేదేటమ్మా?"

"అందరూ అనుకున్నారు. ఎవరూ చూడలేదు. నేను చూస్తానంటున్నాను."

ఆమె చూసింది. సింగన్న కడుపులో ఆ పురుగు లేదు. గున్నమ్మకు లేదు. ఇద్దరు పిల్లలకీ లేదు. ఎలుకలు తినేవాడి ఇల్లు శుభ్రంగా ఉంది, ఎలుకను కన్నెత్తి చూడని ఇళ్లలో ఎలుకల పురుగు ఉంది!  కరుణకుమారి మళ్లీ సింగన్న దగ్గరికే వెళ్లి, చర్చి గదిలో, పక్క పొలంలో బుట్టలు పెట్టి కొన్ని ఎలుకలు పట్టి ఇమ్మంది. అతను అయిదింటిని తెచ్చాడు. డాక్టరు గారి పెరట్లో, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని ఆమె వాటి కడుపులు కోసింది. మూడింటి పేగుల్లో తెల్లటి నాడాల్లాంటి పురుగులు ఉన్నాయి. వాటి గుడ్లని అద్దం కింద పెడితే ఎస్తేరు గుడ్లకీ వాటికీ కవల పిల్లల పోలిక.

సింగన్న పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

"నువ్వు వీటిని తింటావు కదా, నీకు ఎందుకు రాలేదు?" అంది ఆమె, సగం తనలో తను అనుకుంటూ.

"తోలు వొలిసి, పేగులు తీసి గోతిలో పాతెట్టేత్తానమ్మా. కండ నిప్పుల మీద బాగా కాల్సి తింతాము." అతను నవ్వాడు. "పచ్చిది ఎవులైనా తింతారేటి?"

ఆ మాటకు కరుణకుమారి చేతిలో కత్తెర ఆగిపోయింది.

పుస్తకంలో రాసి ఉన్నది ఆమెకు గుర్తొచ్చింది. ఈ పురుగు గుడ్డు ఎలుక పెంటికలోంచి సరాసరి మనిషిలో పెరగదు. ధాన్యంలో, పిండిలో పుట్టే పురుగు ఆ పెంటికను తినాలి. ఆ పురుగు కడుపులో గుడ్డు పొదిగి పిల్ల తయారవ్వాలి. ఆ పురుగును మనిషి పచ్చిగా మింగాలి. ఉడికిస్తే, కాలిస్తే అది చచ్చిపోతుంది. పదకొండు మంది పిల్లలు, అందులో ఒకరు మంగరాజు కూతురు, కలిసి పచ్చిగా తినేది ఏమిటి?

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె మెల్లగా అడిగింది. "అత్తమ్మా, చర్చి గది తాళం ఒకసారి ఇస్తారా? గిన్నెడు పిండి కావాలి."

సువర్ణమ్మ బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టింది. "దేనికి?"

"అద్దం కింద చూడ్డానికి."

 సువర్ణమ్మ గొంతు లేచింది. "అంటే నా సేతిమీదేనా నీకు అనుమానం? పదకొండేళ్లు ఈ సేత్తో పెట్టినాను. ఏ బిడ్డకీ ఏటీ కాలేదు. నాను దేవుడి సొమ్ము ముట్టుకునేటప్పుడు కాళ్లు కడుక్కుని మరీ ముడతాను. ఎలకలు తినేవోడి ఇల్లు శుభ్రం, నా పెట్టి కుళ్లా?"

"మీ చెయ్యి కాదు అత్తమ్మా. మీ చెయ్యి ఎంత శుభ్రమో నాకు తెలుసు. పెట్టెలోకి ఏం వెళ్తోందో చూద్దామంటున్నాను." కరుణకుమారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఎస్తేరు నా ఒక్కదాని బిడ్డ కాదు కదా."

ఆ చివరి మాట సువర్ణమ్మకు తగిలింది. మర్నాడు పొద్దున తనే పిండి గిన్నె నింపి, పైన గుడ్డ కట్టి, కోడలి వెంట బస్టాండు దాకా నడిచింది. తన పిండి మంచిదని తన కళ్లతో చూసి, కోడలి నోరు మూయించి రావాలన్నది ఆవిడ పట్టుదల.

కరుణకుమారి పిండిని జల్లించింది. జల్లెడలో ఆ ఎర్రటి పురుగులు గిలగిలలాడాయి. నలభై లెక్కబెట్టి, ఒక్కొక్కదాన్నే నీటి చుక్కలో చిదిమి, అద్దం కింద చూసింది. పది చూసింది, ఏమీ లేదు. ఇరవై చూసింది, ఏమీ లేదు. సువర్ణమ్మ ముఖంలో వెలుగు వచ్చింది. "సెప్పినానా?" అంది. ఇరవై మూడో పురుగు దగ్గర కోడలు కదలకుండా ఉండిపోయింది. తర్వాత లేచి కుర్చీ ఆవిడకు ఇచ్చింది.

"ఒక కన్ను మూసుకుని చూడండి అత్తమ్మా."

సువర్ణమ్మ ఒంగి చూసింది. మొదట మసకగా ఉంది. తర్వాత తేటపడింది. చిన్న తోక ఉన్న, గుండ్రటి తల ఉన్న ఏదో ఒకటి అక్కడ ఉంది. ఆ తల లోపల ఏదో కదులుతోంది.

"ఇది ఎక్కడిది?"

"మీ పిండి పురుగు కడుపులోది. ఎలుక పెంటిక తిని అది దీన్ని పెంచింది. ఇంకా చూస్తాను, కానీ ఇదొక్కటి చాలు."

సువర్ణమ్మ కుర్చీలోంచి లేవలేదు. పదకొండేళ్ల ఆదివారాలు ఆవిడ కళ్ల ముందుకి వచ్చాయి. చీపురుతో పోగుచేసి మళ్లీ పెట్టెలో పోసిన బియ్యం గుర్తొచ్చింది. జల్లించకుండా వదిలేసిన పిండి గుర్తొచ్చింది. నీరసంగా ఉందని ఎస్తేరుకి పెట్టిన రెండో ఉండ గుర్తొచ్చి ఆవిడ గుండె చెరువైపోయింది. ఆ ల్యాబు గదిలో గట్టిగా ఏడ్చింది.

"సేతులారా పెట్టినాను కరుణా. నా సేతులారా..."

కరుణకుమారి ఆవిడ భుజం పట్టుకుంది. "మీకు తెలిసి చేయలేదు. మాత్రలు ఉన్నాయి, నమిలి మింగితే పురుగు పోతుంది. పిల్లలందరికీ డాక్టరు గారు ఇస్తారు. పిండి మనం ఎవరికీ తెలియకుండా మార్చేద్దాం. ఈ మాట నాకూ, డాక్టరు గారికీ, మీకూ తప్ప ఇంకెవరికీ తెలియక్కర్లేదు అత్తమ్మా."

అది కోడలి ప్రేమ. ఎవరైనా పట్టుకుని ఊరట పొందే మాటే అది. సువర్ణమ్మ కూడా ఆ మాట పట్టుకునే ఇంటికి బయల్దేరింది. తాళంచెవి పోతే తనకు ఏం మిగులుతుంది? తన ఉండలు తిన్న పిల్లల తల్లులు దేవుడమ్మా, జోగులమ్మా బిడ్డల్ని ఎత్తుకుని ఎదురొచ్చినప్పుడు ఏ ముఖం పెట్టుకుని పలకరిస్తుంది? పదకొండేళ్ల పేరు ఒక్క ఆదివారంలో పోతుంది. మాట్లాడకుండా ఉంటే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

దారిలో సింగన్న ఇల్లు ఉంది. వాకిట్లో గున్నమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడగబోతోంది. కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేసింది. తీసుకునే పెట్టె లేదని తెలిసి కూడా వేసింది. సువర్ణమ్మ అక్కడే ఆగిపోయింది. ఆ ముంత మీద తను అడ్డం పెట్టిన అరచెయ్యి గుర్తొచ్చింది. అన్నీ ఎక్కడివక్కడే ఉండడమంటే, ఈ ముంత కూడా ఇక్కడే ఉండిపోవడమన్నమాట. అలా ఉండిపోతే దేవుడి ముందు మోకరించి తను ఏం ప్రార్థన చేస్తుంది?

ఆదివారం పాట అయిపోయింది. పాస్టరు ఏసుపాదం గారు వాక్యం చదవబోతుంటే సువర్ణమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, నాకొక మాట సెప్పుకోవాలండీ."

తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. తడబడుతూనే మొదలుపెట్టింది గానీ తర్వాత ఆగలేదు. పెట్టె మూల ఎలుక కొరికిన కన్నం, చీపురుతో ఎత్తి పోసిన బియ్యం, జల్లించని పిండి, అద్దం కింద తను చూసిన పురుగు, ఏదీ దాచలేదు. తల్లులు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఒకరిద్దరు బిడ్డల్ని దగ్గరికి లాక్కున్నారు.

"మన బిడ్డల కడుపులో పురుగెట్టింది సింగన్న కాదమ్మా. నానే. సింగన్న ఇంట్లో ఆ పురుగు లేదు. నా కోడలు అద్దంలో సూసింది. మరి నాను ఆ ఇల్లాలి ముంత మీద సెయ్యి అడ్డమెట్టినాను." ఆవిడ గుమ్మం పక్క వరసకు తిరిగి రెండు చేతులూ జోడించింది. "గున్నమ్మా, సింగన్నా, నన్ను చెమించండి."

సింగన్న కంగారుపడి లేచి నిలబడ్డాడు. గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

క్రీస్తుదాసు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇప్పుడు ఏం చెయ్యమంటారు? దేవుడికిచ్చిన దాన్ని పారబోస్తామా? అది పాపం కాదాండీ?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది పాస్టరు గారే గానీ, ఆయన సువర్ణమ్మ వైపే చూశారు.

"బియ్యం పారెయ్యక్కర్లేదంట బాబూ. ఎండబెట్టి, బాగా సెరిగి, కడిగి ఉడకబెడితే ఏటీ కాదని డాక్టరు గారు సెప్పినారు. పిండి మట్టుకు పోవాలి. దేవుడి పేరెట్టి బిడ్డలకి పురుగు పెట్టడం పాపం కాదా? గోతిలో పొయ్యడం పాపమైతే ఆ పాపం నా మీదే ఎయ్యండి."

ఆ మధ్యాహ్నం చర్చి పెరట్లో గొయ్యి తవ్వారు. ఒక్క గింజ నేలపాలు కానివ్వనన్న మనిషి, పెట్టె పిండి మొత్తం తన చేతులతో ఎత్తి గోతిలో పోసింది, పైన సున్నం చల్లింది. ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆవిడ ఏడవలేదు. చూస్తున్నవాళ్లే కళ్లు తుడుచుకున్నారు.

అక్కణ్ణుంచి పని ఎలా నడిచిందో చెబితే పండగలా ఉంటుంది. పదకొండు మంది పిల్లలకీ డాక్టరు గారు మాత్రలిచ్చారు. లోవలక్ష్మికి ఇవ్వడానికి కరుణకుమారి మంగరాజు ఇంటికి తనే వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పింది. మంగరాజు అంతా విని, చాలాసేపు గడ్డం గోక్కుని, "అయితే ఎలకలు నా పొలంలోవే కదేటి?" అన్నాడు. మర్నాడే ఇద్దరు పాలేర్లతో చర్చి గదికి వచ్చి, ఎలుక కన్నాల్లో గాజు పెంకులు కూరి సిమెంటు పూయించాడు. సింగన్న ఊళ్లో ఉన్న బుట్టలన్నీ పోగుచేసి పొలంలో, గది చుట్టూ పెట్టాడు. పట్టిన ఎలుకల పేగులు గోతిలో పాతాలని, వాటిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలని అందరికీ చూపించింది కూడా అతనే. నెల తిరిగేసరికి డెబ్భై రెండు ఎలుకలు పడ్డాయి. ఊళ్లో ఒకప్పుడు అతన్ని చూసి ముక్కు మూసుకున్నవాళ్లు "సింగన్నా, మా గాదె దగ్గర కూడా బుట్ట పెట్టవయ్యా, బేగి రా" అని బతిమాలడం మొదలుపెట్టారు. టేకు పెట్టెలు తీసేసి, బిగుతు మూతలున్న రేకు డబ్బాలు చేయించారు. వాటిని ఎత్తైన బల్ల మీద పెట్టారు. నెలకొకసారి ఆడించే పద్ధతి పోయి, వారం వారం బియ్యం కడిగి, ఎండబెట్టి, అప్పటికప్పుడు ఆడించడం వచ్చింది. పచ్చి చలిమిడి బదులు ఆవిరి మీద ఉడికిన బెల్లం కుడుములు వచ్చాయి.

ఆరు వారాలయ్యాక ఒక ఆదివారం కరుణకుమారి చేతిలో కాగితంతో చర్చిలో నిలబడింది. పదో తరగతి ఫలితాలు చదివినప్పటికంటే ఎక్కువ గుండెదడగా ఉంది అక్కడ. బయట గేటు దగ్గర మంగరాజు కూడా నిలబడ్డాడు. సువర్ణమ్మ కళ్లు మూసుకుంది.

ఆమె ఒక్కొక్క పేరే చదివింది. జోగులమ్మ కొడుకు, లేదు. దేవుడమ్మ కవల పిల్లలు, ఇద్దరికీ లేదు. లోవలక్ష్మి, లేదు. ప్రతి "లేదు"కీ వెనక వరసల్లోంచి హల్లెలూయా వినబడింది. పది పేర్లు అయ్యాయి. పదకొండో పేరు కరుణకుమారి చదవలేకపోయింది. కాగితం పక్కనున్న పాస్టరు గారికి ఇచ్చేసింది. ఆయన చదివారు: "ఎస్తేరు. లేదు."

గేటు దగ్గర నుంచి మంగరాజు "జై!" అని అరిచాడు. చర్చిలో అలా అరవకూడదని ఆయనకు తెలియదు. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు, పాస్టరు గారితో సహా అందరూ నవ్వేశారు. ఎస్తేరు మాత్రం ఆ సందడిలో కుడుముల గిన్నె దగ్గరికి వెళ్లి రెండోది తీసుకుంది. అది చూసి సువర్ణమ్మ ఆనందం పట్టలేక మనవరాల్ని ఎత్తి గుండెకు హత్తుకుంది.

ఆ రోజే పెద్దలు తాళంచెవి సంగతి ఎత్తారు. కొత్తవారిని పెడదామని క్రీస్తుదాసు మొదలుపెట్టగానే ఆడవాళ్లందరూ ఒక్కసారి లేచారు. "తప్పు ఒప్పుకున్న మనిషికి కాకపోతే ఇంకెవులికి ఇత్తారు బాబూ?" అంది దేవుడమ్మ. క్రీస్తుదాసు కూర్చున్నాడు. ఏసుపాదం గారు తాళంచెవి తెచ్చి సువర్ణమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని కళ్లకద్దుకుంది గానీ బొడ్లో దోపుకోలేదు.

"నాకొక్కదానికే ఒద్దండీ. రెండు తాళాలు సేయించండి. రెండోది గున్నమ్మ దగ్గరుండాలి. ఇద్దరి కళ్లూ సూస్తే ఒకరికి కనపడంది రెండోవోరికి కనపడతాది."

గున్నమ్మ వరసలోంచి లేచి వచ్చింది. ఆవిడ చేతిలో ముంత ఉంది. ఆ ముంతలో, పిల్లలకి నయమయ్యాకే ఒంపుతానని దాచిన ఆరు వారాల పిడికిళ్లు ఉన్నాయి. సువర్ణమ్మ తనే రేకు డబ్బా మూత తీసి పట్టుకుంది. గున్నమ్మ బియ్యం ఒంపుతుంటే ఆ చప్పుడు చర్చి అంతా వినబడింది.

ఏదైనా ఒక మాట చెప్పమని పాస్టరు గారు సువర్ణమ్మను కోరారు. ఆవిడ ప్రసంగాలు చేసే మనిషి కాదు. డబ్బా మూత బిగించి, చేతులు తుడుచుకుని, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"బిడ్డల తల్లులారా, నాకు భక్తి లేక ఈ తప్పు జరగలేదు, తెలివి లేక జరిగింది. ఎలక తిరిగిన సోట గింజలు మూత లేకుండా ఉంచకండి. పురుగు పడిన పిండి జల్లించకుండా వాడకండి, ఉడక్కుండా బిడ్డ నోట్లో పెట్టకండి. ఇంకొక్క మాట. మన ఇంట్లోకి రోగం వచ్చినప్పుడు పక్కవోడి సేతుల ఏపు సూసి ఏలెట్టి సూపించే ముందు, మన పెట్టి మూత మనమే తీసి సూసుకోవాల."